ఒక్కతిప్పు

గుడ్డపీలిక ఇంకా ఎగరలేదు. ఒకటో నంబరు ప్లగ్గు విప్పి, ఆ బెజ్జంలో పాత చొక్కా పీలిక ఒకటి కుక్కి, ట్రాక్టరు ముందుకొచ్చి హ్యాండిల్‌ని అంగుళం అంగుళంగా పైకి లాగుతున్నాను. పిస్టను పైకొస్తూ లోపలి గాలిని నెట్టినప్పుడు ఆ పీలిక టప్పుమని ఎగిరిపడాలి, అప్పుడు తెలుస్తుంది పిస్టను ఎక్కడుందో, ఆ తర్వాత నిప్పురవ్వ ఎప్పుడు పడాలో నేను చెప్పాలి, నేనే చెప్పాలి, ఈ పూట ఈ షెడ్డులో ఆ ముక్క చెప్పగలిగింది నేనొక్కదాన్నే, అందుకే బాబాయి ఇస్త్రీ చొక్కా వేసుకుని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని నా వీపు వంక చూస్తున్నాడు. మధ్యాహ్నానికి వ్యవసాయ కళాశాల వాళ్ళు వస్తారు. ఈ ముసలి ట్రాక్టరుని తీసుకెళ్ళి తమ ఆవరణలో నిలబెడతారట, పక్కన ఇత్తడి పలక, పలక మీద బాబాయి పేరు, దీన్ని తన చేతులతో బతికించిన మేస్త్రి అని. చేతులతో. ఆ మాట విన్న దగ్గర్నుంచి పళ్ళు నూరుతూనే ఉన్నాను. వాళ్ళ కెమెరా ముందు ఆయనే స్వయంగా హ్యాండిల్ తిప్పి స్టార్టు చెయ్యాలి, అదీ ఒక్క తిప్పుకి, ఎందుకంటే ఆయన్ని అందరూ పిలిచేదే ఒక్కతిప్పు మేస్త్రి అని, తల్లిదండ్రులు పెట్టిన పేరు ఆయనకైనా గుర్తుందో లేదో. ఆ బిరుదు ఆయనకెప్పుడొచ్చిందో నాకు బాగా తెలుసు. మా నాన్న మణికట్టు విరిగిన రోజున వచ్చింది.

బ్యాటరీ లేదు ఈ బండికి, సెల్ఫు లేదు, మీట నొక్కితే మేలుకునే రకం కాదు. పెట్రోలుతో మొదలుపెట్టి కిరసనాయిలు మీదకి మార్చుకోవాలి, నిప్పుకి మాగ్నెటో ఒక్కటే దిక్కు. చాలా రోజులుగా ఎంత తిప్పినా దగ్గి ఊరుకుంటోందట. ఊళ్ళో ఉన్న మెకానిక్కులందరూ వచ్చి చూశారు, కంప్యూటరు తగిలించి జబ్బు చెప్పే కుర్రాళ్ళు కూడా చూసి, ఎక్కడ తగిలించాలో తెలియక వెళ్ళిపోయారు. మాగ్నెటో తెలిసిన పాతవాళ్ళు ఒక్కొక్కరే పోయారు. మిగిలింది మా నాన్న, ఆయన చెయ్యి పనికిరాదు, ఆ చెయ్యికి తెలిసిందంతా నాకు నేర్పాడు గనక నేను. నిన్న బాబాయి మా ఇంటికి వచ్చాడు. గడప దాటకుండా, చెప్పులు విడవకుండా నిలబడి, "అమ్మాయ్, నా కళ్ళకి ఫ్లైవీలు మీద గుర్తు ఆనట్లేదు. నువ్వొకసారి వచ్చి చూడాలి" అన్నాడు. ఇన్నేళ్ళ తర్వాత నోటికొచ్చిన మొదటి మాట అదీ. చిన్నప్పుడు ఆయన భుజాల మీదెక్కి నువ్వు నువ్వు అని పిలిచిన నోటితో, "సరే, మీరు వెళ్ళండి, పొద్దున్నే వస్తాను" అన్నాను. ఆ మీరు ఆయనకి గుచ్చుకుంది, గుచ్చుకోవాలనే అన్నాను. పొద్దున నేను పనిసంచీ సర్దుకుంటుంటే నాన్న చొక్కా తొడుక్కుని వచ్చి "నేనూ వస్తా" అన్నాడు. దారి పొడుగునా ఒక్కటే మాట, "తొందరపడకు." ఇదుగో ఇప్పుడు ఆ మూల తిరగేసిన నూనె డబ్బా మీద కూర్చుని ఉన్నాడు, తను సగం బతుకు పని చేసిన షెడ్డులో, పరాయివాడిలా. నాకు తోడు రాలేదు ఆయన. తమ్ముణ్ణి నా నుంచి కాపలా కాయడానికి వచ్చాడు. నా కోపం ఆయనకి తెలుసు. ఆయన మింగిన కోపమంతా ఎక్కడికి పోతుంది, నాకే కదా వచ్చింది.

టప్. పీలిక ఎగిరి ముందు చక్రం దగ్గర పడింది.

ఎముక చప్పుడు కూడా ఇంతే ఉంటుంది, పెద్దదేమీ కాదు, ఎండుపుల్ల విరిచినంత. నాకప్పుడు పన్నెండేళ్ళు, నాన్న విడిచిన మాసిన చొక్కా నా చేతిలో ఉంది, ఎందుకంటే ఆయన స్నానం చేసి కొత్త చొక్కా వేసుకుని వచ్చాడు ఆ రోజు, అందరూ చూడబోతున్నారని. షెడ్డు యజమాని ముసలాయన, పిల్లల్లేరు, షెడ్డుని ఇద్దరన్నదమ్ముల్లో ఒకరి చేతిలో పెట్టాలని ఉంది ఆయనకి, పెద్దవాడికే ఇస్తానని అందరికీ చెప్పాడు కూడా. ఇదే ట్రాక్టరు. ఇంజనంతా విప్పి మళ్ళీ కట్టింది నాన్న, మాగ్నెటో బిగించడం ఒక్కటే మిగిలింది, నువ్వెళ్ళి స్నానం చేసి రా అన్నయ్యా, అది నేను చూస్తా అన్నాడు బాబాయి. నేను అక్కడే ఉన్నాను, ఆ మాట విన్నాను, ఎంత మంచి బాబాయి అనుకున్నాను. నాన్న వచ్చి వంగి హ్యాండిల్ పట్టుకున్నాడు, బొటనవేలు మిగతా వేళ్ళ పక్కనే పెట్టి, చుట్టి పట్టకుండా, ఇంజను ఎదురుతంతే చెయ్యి జారి బయటపడాలని. ఆ పట్టు నేర్పిందే ఆయన, ఊళ్ళో ప్రతి కుర్రాడికీ. లాగాడు. హ్యాండిల్ వెనక్కి తన్నింది, వేళ్ళలోంచి జారింది, ఒక చుట్టు తిరిగొచ్చి మణికట్టు మీద కొట్టింది. నాన్న అరవలేదు, నేల మీద కూర్చుండిపోయాడు, చెయ్యి చెయ్యిలా లేదు. అందరూ ఆయన చుట్టూ చేరారు. నేను మాత్రం బాబాయిని చూశాను. జేబులోంచి స్పానర్ తీశాడు, మాగ్నెటో నట్లు రెండూ వదులు చేశాడు, దాన్ని కొంచెం, చాలా కొంచెం తిప్పాడు, మళ్ళీ బిగించాడు, వచ్చి ఒక్కసారి లాగాడు. ఇంజను అందుకుంది. ఒక్క తిప్పు, ఒక్క తిప్పు అని ఎవరో కేకేశారు, చప్పట్లు కూడా కొట్టారు, మా నాన్న ఇంకా నేల మీదే ఉన్నాడు. తాళాలు ఎవరి చేతికి వెళ్ళాయో వేరే చెప్పాలా.

అమ్మ పోయేదాకా ఒకటే ప్రశ్న అడిగేది, అన్నం వడ్డిస్తూ, దుప్పటి మడుస్తూ, ఏ సందర్భమూ లేకుండా. "సరిగ్గా పెట్టినవాడైతే మళ్ళీ ఎందుకు కదిపాడే?" బాబాయి జవాబు ఊరంతటికీ తెలుసు: నేను కదపలేదు, నట్లు బిగువున్నాయో లేదో చూశానంతే, టైమింగ్ మొదటినుంచీ సరిగ్గానే ఉంది, అన్నయ్యే హ్యాండిల్ చుట్టి పట్టుకున్నాడు. పిల్లల మీద ఒట్టేసి మరీ చెప్పాడు. చూసింది పన్నెండేళ్ళ పిల్ల, పిల్ల మాట ఎవడు వింటాడు. అన్నిటికంటే నన్ను కాల్చింది ఆ చివరి మాట, చుట్టి పట్టుకున్నాడన్నది. చెయ్యి పోతే పోయింది, ఆ చెయ్యికి పని రాదని కూడా అనిపించాడు. పెళ్ళికి వెళ్తే పెళ్ళిలో, చావుకి వెళ్తే చావులో ఎవడో ఒకడు నవ్వుతూ అడిగేవాడు, ఏం మేస్త్రీ, ఈ మధ్య హ్యాండిల్ పట్టడం నేర్చుకున్నావా అని. నాన్న కూడా నవ్వేవాడు. ఎడమచేత్తో అన్నం తినడం అలవాటు చేసుకున్నాడు, ఎడమచేత్తో సంతకం, ఎడమచేత్తో నా జడ వెయ్యబోయి చిక్కులు పెట్టి వదిలేసేవాడు. ఆ చిక్కుల జడతోనే బడికి వెళ్ళాను నేను. దువ్వుకోవచ్చు, దువ్వుకోలేదు, చూసినవాళ్ళు చూడనీ అని. యంత్రానికి పగ ఉండదమ్మా అంటాడు నాన్న. నిజమే, యంత్రానికి ఉండదు. దాన్ని బాగుచేసేవాళ్ళకి ఉంటుంది.

పొద్దున మాగ్నెటో విప్పి బల్ల మీద పెట్టినప్పుడే జబ్బు దొరికింది, నాకు నవ్వాగలేదు. దాని వెనక ఒక స్ప్రింగు, రెండు కొక్కేలు ఉంటాయి. చేత్తో తిప్పేటప్పుడు ఇంజను నత్తనడక నడుస్తుంది, ఆ నడకకి నిప్పు పుట్టదు, అందుకని కొక్కెం మాగ్నెటోని కాసేపు పట్టి ఆపుతుంది, పిస్టను పైకి చేరే సరికి టక్కుమని వదిలేస్తుంది, అప్పుడు పడుతుంది నిప్పు, గట్టిగా, సరైన వేళకి. ఆ టక్కుమనే చప్పుడు వినపడాలి. వినపడకపోతే ఎంత తిప్పినా దండగ. బాబాయి ఆ కొక్కేల్లో గ్రీజు కుక్కాడు. నెలనెలా, శ్రద్ధగా, ఇన్నేళ్ళపాటు. తనకి ఇంత పేరు తెచ్చిన బండి అని బిడ్డకి తలంటినట్టు అంటించాడు, అదంతా ముదిరి లక్కలా గట్టిపడి కొక్కేల్ని పట్టేసింది. గ్రీజు తగలకూడని చోటు బండి మొత్తానికీ అదొక్కటే. ఒక్కతిప్పు మేస్త్రికి ఆ ఒక్కటీ తెలీదు, ఎందుకంటే మాగ్నెటో ఎప్పుడూ నాన్నే చూసేవాడు. కిరసనాయిల్లో నానబెట్టి, బ్రష్షుతో తోమి, పొడిగుడ్డతో తుడిచాను. చేత్తో తిప్పి చూస్తే టక్కుమంది. ఆ చప్పుడుకి డబ్బా మీద కూర్చున్న నాన్న తలెత్తాడు. బాబాయి ఎత్తలేదు, ఆయనకది మామూలు చప్పుడే. తర్వాత నిప్పు పుట్టించే పాయింట్లు సానబెట్టాను, గ్యాప్ సరిచేశాను, సిగరెట్టు కాగితం మధ్యలో పెట్టి ఎక్కడ వదులుతుందో చూసుకున్నాను, ఇవన్నీ చేస్తున్నంతసేపూ నా చేతులు ఎంత నిదానంగా ఉన్నాయంటే, నాకే భయమేసింది.

ఇప్పుడు అసలు పని. ఇంకో నాలుగు అంగుళాలు లాగి, పక్కకొచ్చి ఇంజను మూతకున్న చిన్న కిటికీలోంచి చూస్తే ఫ్లైవీలు మీద నేను సుద్దతో రుద్దిన గీత ముల్లుకి ఎదురుగా వచ్చింది. ఇదీ చోటు. మాగ్నెటోని ఎత్తి కూర్చోబెట్టి, నట్లు రెండూ చేతివేళ్ళతో పట్టించాను, ఇంకా బిగించలేదు. ఇలా వదులుగా ఉన్నంతసేపూ దాన్ని ఇటూ అటూ కొంచెం తిప్పవచ్చు. ఇటు తిప్పితే నిప్పు ఆలస్యంగా పడుతుంది, ఇంజను బద్ధకిస్తుంది, అంతకంటే ఏం కాదు. అటు తిప్పితే తొందరగా పడుతుంది, పిస్టను ఇంకా పైకెక్కుతూ ఉండగానే పడుతుంది, అప్పుడా పిస్టను ఎక్కడం మాని వెనక్కి తంతుంది. అటు తిప్పాను. ఇలాగే తిప్పి ఉంటాడు ఆయన కూడా, బరువేమీ లేదు, మూత తిప్పినంత సుళువు, ఈ సుళువే నన్ను ఇన్నేళ్ళు నిద్రపోనివ్వలేదు. రెండు వేళ్ళ వెడల్పు ముందుకి. స్పానర్ పెట్టి నట్లు బిగించాను, ఒకటి, రెండోది. పన్నెండేళ్ళప్పుడు ఈ ట్రాక్టరు ట్యాంకులో పంచదార పొయ్యాలనుకున్నాను, పెద్దయ్యాక షెడ్డుకి నిప్పు పెట్టాలనుకున్నాను, అవన్నీ పిల్లచేష్టలు, ఇది కదా పగ, ఆయన పట్టుకునే హ్యాండిల్, ఆయన వేసుకున్న ఇస్త్రీ చొక్కా, కెమెరా, చప్పట్లకి సిద్ధంగా ఉన్న జనం, ఎండుపుల్ల చప్పుడు. డెబ్బై దాటిన ఎముక మళ్ళీ అతుక్కోదు. ఆ ఆలోచనకి నా ఒళ్ళు హాయిగా వెచ్చబడింది. సిగ్గేమీ పడలేదు. ఒక్కసారి బాబాయి వైపు తిరిగి, దాదాపు ప్రేమగా చూశాను ఆయన కుడిచేతిని. బాగానే కాపాడుకున్నాడు, మెటికలు కూడా ఉబ్బలేదు.

అప్పుడొచ్చింది పిన్ని, టీ గ్లాసులతో. పిన్ని మంచిది, అదే చిక్కు. నా చేతికి గ్లాసిచ్చి, నాన్న దగ్గరికి వెళ్ళి, ఎడమచేతికి అందేలా గ్లాసు అటువైపు తిప్పి పెట్టింది, బావగారూ, వేడిగా ఉంది, జాగ్రత్త అంది. మళ్ళీ నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "నువ్వు రావడం ఎంత సంతోషంగా ఉందో చెప్పలేనమ్మా. మీ నాన్న ఆ రోజు కాస్త తొందరపడ్డారు, అంతే. మీ బాబాయి సరిగ్గానే పెట్టారు. పిల్లల మీద ఒట్టేసి చెప్పారు నాకు, లేకపోతే నేనా ఇంట్లో ఉండేదాన్నా?" నేను టీ తాగాను. నాలిక కాలింది. పిన్ని అబద్ధం చెప్పడం లేదు, ఆ ఒట్టు మీద కాపురం చేసింది, పిల్లల్ని ఆ ఒట్టు మీదే పెంచింది. ఇంకాసేపట్లో ఈయన చెయ్యి విరిగితే ఈవిడే పరుగెత్తుకొస్తుంది, ఆ చేతికి కట్టు కట్టించి, ఆ నోటికి ముద్దలు పెడుతుంది, ఊరంతా పళ్ళు పట్టుకుని పరామర్శకి వస్తుంది, అయ్యో ఈ వయసులో, ముసలి బండి కదా, ఏం చేస్తాం అంటుంది. ఇత్తడి పలక మీద ఇంకో ముక్క ఎక్కుతుంది, ఈ బండి కోసం చెయ్యి కూడా ఇచ్చాడని. విరిగిన ఎముక ఏమీ చెప్పదు. మా నాన్న ఎముక చెప్పిందా? బాబాయి తన చెయ్యి పోగొట్టుకుని కూడా దొంగ కాడు, దొరలాగే పోతాడు, నేనే ఆయన్ని తన్ని బూరెల బుట్టలో పడేసినట్టవుతుంది.

గ్లాసు కింద పెట్టి నట్లు వదులు చేశాను. దయ కాదు, ఎవరూ అలా అనుకోవద్దు, దయ అన్నది నా సంచీలో లేదు. నా పగకి రెండు వేళ్ళ వెడల్పు చాలలేదు, అంతే. మాగ్నెటోని వెనక్కి తిప్పి, ఫ్లైవీలుని కాస్త వెనక్కి జరిపి మళ్ళీ ముందుకి తెచ్చాను. గీత ముల్లుకి ఎదురుగా వచ్చిన క్షణాన, ముందూ కాదు, వెనకా కాదు, టక్కుమంది. ఇంకొకసారి చూశాను. టక్కు. బిగించాను. నా చేతుల్లో ఇంత శుద్ధంగా ఏ బండీ కుదరలేదు. తలెత్తితే నాన్న నావైపే చూస్తున్నాడు, ఎంతసేపటినుంచి చూస్తున్నాడో, అటు తిప్పినప్పుడు కూడా చూశాడో ఏమో. ప్లగ్గు బిగించి, వైరు తగిలించి, చేతులు తుడుచుకున్నాను.

కళాశాల వాళ్ళు ముగ్గురొచ్చారు, కెమెరా ఉన్న అమ్మాయి ఒకర్తె, పూలదండ పట్టుకున్నాయన ఒకరు, పెద్దాయన ఒకరు. వెనకే వీధిలోవాళ్ళు చేరారు, బాబాయి కొడుకులిద్దరూ వచ్చి తండ్రికి చెరోవైపు నిలబడ్డారు. పెట్రోలు కుళాయి తెరిచి నేను పక్కకి జరిగాను. బాబాయి చొక్కా చేతులు పైకి మడుచుకుని, కెమెరా వైపు ఒక నవ్వు నవ్వి, వంగి హ్యాండిల్ మీద చెయ్యి వేశాడు. వేసి, పనివాడు పనివాణ్ణి అడిగే మామూలు గొంతుతో అడిగాడు. "టైమింగ్ సరిగ్గా చూశావా అమ్మా?"

నేను అందరికీ వినపడేలా చెప్పాను. "ఆ రోజు నాన్నకి మీరెలా పెట్టారో, అచ్చం అలాగే పెట్టాను బాబాయ్. పిసరంత తేడా లేదు."

ఆయన వంగినవాడు వంగినట్టే ఉన్నాడు. హ్యాండిల్ మీది చెయ్యి బిగుసుకుని, వదులై, మళ్ళీ బిగుసుకుంది. నా మొహంలోకి చూశాడు, నేను తల తిప్పుకోలేదు, చూడు బాబాయ్, బాగా చూడు, నువ్వు ఒట్టేసింది నిజమైతే నీకు భయమెందుకు, లాగు, ఒక్క తిప్పే కదా. కెమెరా అమ్మాయి లాగండి తాతగారూ అంది. పెద్ద కొడుకు ఊఁ నాన్నా అన్నాడు. ఆయన చెయ్యి తీసేశాడు. నడుం ఎత్తి, రెండో చేత్తో భుజం తడుముకుంటూ, "భుజం పట్టేసింది. నువ్వే తిప్పమ్మా" అన్నాడు. గుమ్మడికాయల దొంగ గుర్తొచ్చి నాకు నవ్వు రాబోయింది, పంటి కింద ఆపుకున్నాను. నేను ముందుకు అడుగు వెయ్యబోతే, నా భుజం మీద ఒక చెయ్యి పడింది.

"జరుగు, నేను తిప్పుతా" అన్నాడు నాన్న. నేనన్న మాట ఆయనా విన్నాడు. నన్నేమీ అడగలేదు, ఎలా పెట్టావే అని కూడా అడగలేదు. వంగి, ఎడమచేత్తో హ్యాండిల్ పట్టుకుని, ఒక్కసారి పైకి లాగాడు. ఇంజను అందుకుంది. తడబాటు లేదు, దగ్గు లేదు, షెడ్డు రేకులు అదిరేలా నాలుగు సిలిండర్లూ కలిసి పాడాయి. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. జనం నాన్న చేతిని చూశారు, చెక్కుచెదరని చేతిని, తర్వాత మెల్లగా, ఒక్కొక్కరే, బాబాయి చేతి వైపు చూశారు. పూలదండ పట్టుకున్నాయన దాన్ని ఎవరి మెడలో వెయ్యాలో తెలియక అలాగే పట్టుకుని నిలబడ్డాడు. నేను వాళ్ళెవర్నీ చూడటం లేదు, బాబాయి మొహమే చూస్తున్నాను, ఆకలి తీరినకొద్దీ ఇంకా తినాలనిపించినట్టు చూస్తున్నాను. టైమింగ్ సరిగ్గానే ఉందని ఆయనకిప్పుడు తెలిసింది, సరిగ్గా ఉన్నదానికే తను చెయ్యి వెనక్కి తీసుకున్నాడనీ తెలిసింది. నాన్న చెయ్యి తుడుచుకుంటూ తమ్ముడి వైపు తిరగకుండానే వెళ్ళి మళ్ళీ డబ్బా మీద కూర్చున్నాడు.

పిన్ని జనంలోంచి ముందుకొచ్చింది. ఖాళీ టీ గ్లాసులు ఇంకా చేతిలోనే ఉన్నాయి. ఆయన పక్కన నిలబడి, ఇంజను మోతలో ఏదో అడిగింది. ఏమడిగిందో పెదాల్ని బట్టి నాకు అర్థమైంది. ఆయన వినపడలేదన్నట్టు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, బండి మోత మీద నెపం పెట్టి, తల అడ్డంగా ఊపాడు.

నేను వంగి మాగ్నెటో మీట నొక్కి ఇంజను ఆపేశాను.

"ఏమండీ, ఆ రోజు సరిగ్గానే పెట్టానన్నారు కదా" అని పిన్ని మళ్ళీ అడిగింది.